మబ్బు నీళ్లు

మా ఇంటి కుళాయి నీళ్లకంటే ముందు చప్పుడు చేస్తుంది. తెల్లవారడానికి ఇంకా గంట ఉందనగా లోపలెక్కడో ముసలివాడు గొంతు సవరించుకున్నట్టు గురగుర, ఆ వెనకే బుస్సుమని గాలి, గాలితో పాటు తడి ఇనుము వాసన. నాలుగుసార్లు దగ్గి అప్పుడు నీళ్లు వస్తాయి. ప్రొద్దుటూరులో నేనుంటున్న ఈ వీధిలో ఆ చప్పుడుకు అందరూ బిందెలు పట్టుకుని లేస్తారు. నేను చెంబు పట్టుకుని లేస్తాను. మొదటి చెంబు నింపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తాను. పక్కింటివాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు అలవాటు పడ్డారు. ఆ చెంబు ముక్కు దగ్గర ఉన్నంతసేపూ నాకు ఓబులేసన్న గుర్తొస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క పొద్దు కూడా గుర్తు రాకుండా పోలేదు.

ఆ వేళకు మా వైపు ఒక పేరుంది. మబ్బు. నేను పుట్టింది పెద్దముడియం దగ్గర పల్లెలో. మా నాయన మబ్బుతో లేచి చేనికి పోయేవాడు అంటే, ఇంకా చీకటి ఉండగానే లేచి పోయేవాడని. చాలాచోట్ల మబ్బంటే మేఘం మాత్రమే. మాకు మేఘమూ మబ్బే, తెల్లవారకముందరి చీకటీ మబ్బే. ఏది ఎప్పుడో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ మాట వల్ల ఒక ఆడమనిషి ప్రాణం పోయింది. మాట వల్ల అని రాశాను గాని, అది అబద్ధం. ఆ మాట అర్థం తెలిసీ నోరు తెరవని ఒక మనిషి వల్ల పోయింది. ఆ మనిషిని నేను.

ఈ చుట్టుపక్కలే ఒక పట్టణంలో నేను మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేశాను. ఊరి పేరు రాయను. రాస్తే ఇందులో లేనివాళ్ల మీద కూడా మచ్చ పడుతుంది. రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో నేను అక్కడికి బదిలీ అయ్యేసరికి, రాబోయే ముప్పై ఏళ్లకు ఊరికి నీళ్లు, మురుగు ఎట్లా అన్న ప్రణాళిక పని మొదలవుతోంది. మా మునిసిపల్ ఇంజనీరు, అందరూ ఎం.ఇ. గారు అనే పెద్దాయన, నా బల్లమీద ఊరి పైపులైన్ల పటం పరిచి, దీన్ని సరిచూసి ఇమ్మన్నాడు. సరిచూడటానికి తోడుగా ఫిట్టరు ఓబులేసును పిలిపించాడు. ముద్దనూరు దగ్గర పల్లె ఆయనది, గొర్రెలు మేపుకునే ఇల్లు. వయసులో వచ్చి నీళ్ల వాల్వులు తిప్పే పనిలో చేరి, ఆ పనిలోనే తల నెరిసింది. పొట్టి మనిషి. పటం మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"శానా చక్కగుండాది సార్," అన్నాడు. "మా కోడలు ఏసిన ముగ్గు మాదిరుండాది. బూమిలో మాత్రం ఇట్ల లేదు."

"మరి ఎట్లుంది?"

"నడిసి సూడల్ల. రా పోదాం. ఆ బూట్లు మాత్రం ఈడ్నే ఇడిసిరా అప్పా, కాలవల్లో దిగాల్సొస్తాది."

ఆ తర్వాత రెండు నెలలు ఊరంతా ఆయన వెనక నడిచాను. చేతిలో నిలువెత్తు ఇనుపకడ్డీ ఉండేది. దాని ఒక కొన పైపు మీదో వాల్వు మీదో ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి నిలబడేవాడు. నీళ్లు కారే చోటు ఎంత దూరంలో ఉందో అడుగులు లెక్కపెట్టి చెప్పేవాడు. తవ్విస్తే అక్కడే ఉండేది. ఇదెట్లా అబ్బిందని అడిగితే, "మా నాయన కండ్లు మూసుకోని మందలో యా గొర్రె దగ్గిందో చెప్తాండె. నాకు పైపు దగ్గేది తెలుస్తాది, అంతే" అన్నాడు. ఆయన చెప్పినవన్నీ నేను నోటుపుస్తకంలో ఎక్కించుకుని పటం దిద్దాను. ఆఫీసులో పటం చూసి మెచ్చుకున్నారు. నేను మెప్పు తీసుకున్నాను, ఆయన పేరు చెప్పలేదు. చిన్న విషయమే. తర్వాత చేసినదానికి అది మొదటి మెట్టని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒకరోజు, "రేపు మబ్బులో రావల్ల సార్, మగ్గాల ఈదికి. నీకొకటి సూపియ్యల్ల" అన్నాడు. ఊరి పల్లపు వైపున చేనేతవాళ్ల వీధి అది. నేను పోయేసరికి ఇళ్లలో దీపాలు వెలిగి, రెండు మూడు మగ్గాలు అప్పటికే ఆడుతున్నాయి. ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టి నిలబడ్డారు. నేను మంచినీళ్ల సీసా చేతిలో పట్టుకుని పోయాను. ఓబులేసన్న వీధి మొదట్లో వాల్వు తిప్పి, గబగబా వీధి చివరికి పోయి, లైనులో మురికి వదలడానికి పెట్టిన చిన్న వాల్వు తెరిచాడు. బయటికి వచ్చిన నీళ్లు దోసిట్లో పట్టి నా ముక్కు దగ్గర పెట్టాడు. కుళ్లిన మురుగు వాసన. నేను మొహం తిప్పుకున్నాను.

"ఈ ఈదిలో పైపు కాలవలోనే పోతాది," అన్నాడు. "అతుకులు తినేసినాయి. నీళ్లు నిలబెట్టినాక పైపు ఖాళీ అయ్యి కాలవలో నీళ్లు లోపలికి పీల్చుకుంటాది. పొద్దన వాల్వు ఇడిస్తే ముందు అయ్యే వస్తాయి. కాసేపు పోతే మళ్ల అన్నీ మంచి నీళ్లే. పది గంటలకొచ్చి పరీచ్చకు సీసాలో పట్టుకపోతారు గదా, అప్పుడు యేం తెలుస్తాది?"

పావుగంట సేపు ఆ నీళ్లన్నీ కాలువలోకి వదిలేశాడు. నీళ్లు పోతుంటే ఆడవాళ్లు సణుగుతున్నారు. తర్వాత మళ్లీ దోసిలి పట్టి, వాసన చూసి, తాగాడు. మీసాలు తుడుచుకుని చిన్న వాల్వు కట్టేసి, "ఇంగ పట్టుకోండమ్మా" అన్నాడు. అప్పుడు కదిలాయి బిందెలు. ఆయన రోజూ చేసేది ఇదే. ఆయన తాగందే ఆ వీధిలో బిందె కదలదు. పై ఉద్యోగి ఎవరూ చెప్పని పని, ఏ కాగితంలోనూ లేని పని.

వరసలో మొదటి బిందె లక్ష్మీదేవిది. నలభై దాటిన మనిషి, మగ్గం నేసే ఇల్లు. ఓబులేసన్నకు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చి, నావైపు చూసింది. "ఓబులేసు మామా, నీ ఇంజనీరు సారు మన నీళ్లు తాగడా? సీసా తెచ్చుకుండాడే."

"కొత్త గదా, సిగ్గు," అన్నాడాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తాగలేదు.

సిగ్గు అన్నాడు గదా, దాని సంగతి ఇక్కడే చెప్పాలి. నా మొదటి ఉద్యోగం కోస్తాలో. చేరిన వారంలో మీటింగుకు ఆలస్యమైతే, "మబ్బుతో బయలుదేరినా సార్, బస్సు దొరకలే" అన్నాను. పెద్ద ఇంజనీరు కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "మబ్బేదోయ్, ఎండ మండిపోతుంటే?" అన్నాడు. గది మొత్తం నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ సాయంత్రమే మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు. అక్కడున్న నాలుగేళ్లు నాకు మబ్బు అనే పేరు నిలిచిపోయింది. ఆ తర్వాత నేను నా నోటిని పట్టి పట్టి దిద్దుకున్నాను. యాడ, ఈడ, శానా అన్నీ ఒక్కొక్కటే వదిలేశాను. ఇంట్లో అమ్మతో కూడా పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాణ్ణి. "ఎవురో ఆఫీసరు ఇంటికొచ్చినట్టుండాది నాయనా" అనేది ఆమె. అది మెప్పనుకున్నాను.

ప్రణాళిక రాయడానికి వచ్చిన కన్సల్టెంటు కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఎవరినైనా మీరు అనే మాట్లాడేవాడు. ఓబులేసన్నను కూడా కూర్చోబెట్టి గంటసేపు అడిగి రాసుకున్నాడు. ఆ గంటా నేను పక్కనే ఉన్నాను. మగ్గాల వీధి దగ్గరికి వచ్చేసరికి ఓబులేసన్న, "ఆడ మబ్బులో నీళ్లు వాసనొస్తాయి సార్. పైపు మార్చాల్సిందే, యేరే దావ లేదు" అన్నాడు. ఆ కుర్రవాడు తల ఊపి రాసుకున్నాడు. నాకు ఆ క్షణంలో ఏమీ తట్టలేదు. అది నా తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

తట్టింది నెల తర్వాత. కౌన్సిలు సభ్యుల కోసం రిపోర్టు సారాంశం తెలుగులో వేసి నా బల్లమీదికి వచ్చింది. అందులో ఇట్లా ఉంది: మగ్గాల వీధిలో ఆకాశం మబ్బు పట్టిన రోజులలో నీటికి వాసన వచ్చుచున్నట్లు సిబ్బంది తెలిపినారు, వర్షాకాలమున బ్లీచింగు మోతాదు పెంచిన సరిపోవును, పైపులైను మార్పిడి మూడవ దశలో చేపట్టవచ్చును. మూడో దశ అంటే ఇరవై ఏళ్ల తర్వాత. చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత ఎం.ఇ. గారి గది దాకా పోయాను. లోపల ఆయనా, ఆ కుర్ర ఇంజనీరూ, విజయవాడ నుంచి వచ్చిన పై అధికారులిద్దరూ ఉన్నారు. లోపలికి పోయి, సార్, మా వైపు మబ్బంటే వేరు అని మొదలుపెట్టాలి. మొదలుపెడితే ఆ పాత నవ్వు మళ్లీ వినపడుతుందని అనిపించింది. తలుపు దగ్గరినుంచి తిరిగి వచ్చాను. కౌన్సిలులో చెప్దాంలే అనుకున్నాను.

కౌన్సిలులో గోడమీద బొమ్మలు వేసి చూపించారు. మగ్గాల వీధి వాక్యం వచ్చినప్పుడు వెనక వరసలోంచి ఒక కౌన్సిలరు, "మన జిల్లాలో మబ్బు పట్టేదెప్పుడు, వాన పడేదెప్పుడు, ఆ నీళ్లు వాసన వచ్చేదెప్పుడు లేప్పా" అన్నాడు. హాలంతా నవ్వింది. చైర్మన్ కూడా నవ్వి, తర్వాతి వార్డుకు పొమ్మన్నాడు. ఎవరినీ తప్పు పట్టలేను. వాళ్ల ముందున్నది మేఘాల సంగతే. ఓబులేసన్న నోటి మాట విన్నవాణ్ణి, దాని అర్థం తెలిసినవాణ్ణి ఆ హాలులో నేనొక్కణ్ణే. చివర్లో ఎం.ఇ. గారు నావైపు తిరిగి, "నువ్వు ఈ ప్రాంతం వాడివి, ఊరంతా తిరిగావు. మార్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు కూడా.

లేచి నిలబడ్డాను. "ఏమీ లేవు సార్," అన్నాను.

తీర్మానం పాసయింది. బయట వరండాలో ఓబులేసన్న కాచుకుని ఉన్నాడు. "యేమాయ సార్, మన ఈది మొదటి దాంట్లో ఉండాదా?" అని అడిగాడు. ఉందన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. లేదంటే ఎందుకు లేదని అడుగుతాడు. ఆయన మొహం వెలిగింది. జేబులోంచి సుపారీ పొట్లం తీసి నా చేతిలో కొంచెం పోశాడు.

రెండు నెలల తర్వాత ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పి ఫోటో తీసుకున్నాక నన్ను పక్కకు పిలిచాడు. "పైపు మార్చేదాంక నేను మగ్గాల ఈదికి వస్తాంటా సార్. దుడ్లేం ఈయద్దు. ముద్దనూరు నుంచి మబ్బులో బస్సుండాది."

"అవసరం లేదన్నా. పని తొందర్లోనే మొదలవుతుంది," అన్నాను.

"అయితే కొత్తాయప్పకు నేను చెప్పల్నా, ముందు నీళ్లు ఇడిసేయమని?"

"నేను చెప్తాలే."

చెప్పలేదు. మరిచిపోయానని తర్వాత జరిగిన విచారణలో రాసిచ్చాను. మరుపు కాదు. చెప్తే ఎందుకని అతను అడుగుతాడు, ఎందుకో చెప్తే రిపోర్టులో తప్పు బయటపడుతుంది. ఒక మౌనాన్ని కాపాడుకోవడానికి ఇంకొకటి కావలసి వచ్చింది. కొత్తగా వచ్చినతను కాంట్రాక్టు మనిషి, ఆరు వీధుల వాల్వులు అతని మీదే. వీధి మొదట్లో తిప్పి సైకిలెక్కి పోయేవాడు. నీళ్లు వదిలేయకుండా మొదటినుంచే పట్టుకోవచ్చని వీధిలో సంతోషించారని తర్వాత తెలిసింది. వాసన వస్తే బ్లీచింగు ఎక్కువైందనుకున్నారట.

మొదట ఇద్దరు పిల్లలకు వాంతులు, విరేచనాలు. తర్వాత ఇంటింటికీ. నేను పోయేసరికి మగ్గాల చప్పుడు లేదు. ఆ వీధిలో ఆ నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు. అందరినీ ఆటోల్లో ఆసుపత్రికి చేర్చారు. చాలామంది తిరిగి వచ్చారు. లక్ష్మీదేవి రాలేదు. మొదటి బిందె ఎప్పుడూ ఆమెదే గదా. ఆమె ఇంటి ముందు నిలబడ్డాను. లోపల మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. ఆమె మొగుడు నన్ను చూసి, ఇంజనీరు సారు వచ్చినాడని లేచి నిలబడి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేకపోయాను. చెప్పనూ లేకపోయాను.

మూడోరోజు ముద్దనూరు పోయాను. ఓబులేసన్న ఇంటి ముందు దడి కడుతున్నాడు. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. ఆయనకు వార్త అప్పటికే తెలుసు. నేను రిపోర్టు సారాంశం కాగితం తీసి, సంగతి మొత్తం చెప్పాను. తీర్మానం సంగతి, వరండాలో చెప్పిన అబద్ధం సంగతి కూడా. దడి కట్టడం ఆపి, "సదువు" అన్నాడు. చదివాను. "ఇంగోసారి సదువు." మళ్లీ చదివాను.

"నేనట్ల అన్యానా?"

"లేదన్నా."

"మబ్బులో అన్యా."

"అవును."

"నువ్వు పెద్దముడెం పిల్లోడివి. మబ్బంటే యేందో నీకు తెల్దా?"

"తెలుసు."

"తెల్సి?"

"ఆ మాట అక్కడ చెప్పడానికి సిగ్గేసిందన్నా," అన్నాను.

దొడ్లో గొర్రె ఒకటి దగ్గితే అటు చూశాడు. మళ్లీ నావైపు తిరిగాడు. "ముప్పై ఏండ్లు కాలవలో చెయ్యి పెట్టినా. నాకు సిగ్గు కాలే. నా మాట ఒక్కటి మోసేదానికి నీకు సిగ్గాయనా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. "ఆ యమ్మ నాకు దినామూ టీ ఇస్తాండె," అని, "కాయితంలో మార్చినావా?" అని అడిగాడు.

"ఇంకా లేదన్నా. ముందు నీకు చెప్దామని..."

"నాకెందుకు చెప్పేది? నేను సావలేదు గదా. పో. పోయి ముందు అది మార్చు."

ఆ రోజే ఆఫీసుకు పోయి ఫైల్లో నోటు రాశాను. మబ్బు అనగా మా ప్రాంతమున తెల్లవారుజాము చీకటి. ఫిట్టరు ఓబులేసు చెప్పినది అదే. ఆ సంగతి నాకు తెలిసియు కౌన్సిలులో చెప్పలేదు, కొత్త సిబ్బందికి హెచ్చరిక ఇవ్వలేదు. సంతకం పెట్టాను. ఎం.ఇ. గారు చదివి, కళ్లద్దాలు తీసి, చివరి వాక్యం కొట్టేయమన్నాడు. నా మంచికే అన్నాడు. కొట్టేయలేదు. తర్వాత విచారణలో ఆ రెండో సంగతి మెత్తబరిచి, మరిచిపోయానని రాశాను. దానివల్లే ఒక ఇంక్రిమెంటు కోతతో బయటపడ్డాను. నా నిజాయితీ అంతవరకే వచ్చి ఆగింది. ఇదంతా ఇప్పుడు పూర్తిగా రాయడానికి అదీ ఒక కారణం.

మగ్గాల వీధి మొదటి దశలోకి వచ్చింది. ఆరు నెలల్లో పైపు కాలువలోంచి తీసి రోడ్డుకు అటువైపు వేశారు. నీళ్లు వదిలిన మొదటి రోజు ఓబులేసన్న మబ్బులో బస్సెక్కి వచ్చాడు. కడ్డీ ఆనించి విన్నాడు. వీధి చివర దోసిలి పట్టి, వాసన చూసి, తాగాడు. "ఇంగ పట్టుకోండమ్మా" అన్నాడు. వరసలో మొదటి బిందె వేరే ఎవరిదో. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నన్ను చూశాడు. పలకరించలేదు. నా పక్కనుంచే బస్టాండు వైపు నడిచి పోయాడు.

ఆయన చనిపోయిన సంగతి నాకు పది రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి నేను జమ్మలమడుగులో పనిచేస్తున్నాను. ఇంటికి పోతే ఆయన భార్య గంగమ్మ మంచం వాల్చి కూర్చోమంది. నా గురించి ఏమైనా అనేవాడా అని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను. ఆమె ఆలోచించి, "నీ మాట యెత్తలే అప్పా. మగ్గాల ఈదోళ్లు యెవురన్నా కనపడితే మాత్రం, నీళ్లు బాగొస్తాండాయా అని అడుగుతాండె" అంది.

ఆయన క్షమించాడని రాసుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు. ఆ తర్వాత పులివెందుల దాకా ఎన్ని ఆఫీసుల్లో పనిచేసినా, ఎంత పెద్దవాళ్లు కూర్చున్న మీటింగులోనైనా, మబ్బులో అనే అన్నాను. అర్థం కానివాళ్లకు ఆగి విడమరిచి చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. ఆ మాట అంత బరువేమీ కాదని అప్పుడు తెలిసింది. అంత తేలికైనదాన్ని ఆ రోజు ఎందుకు ఎత్తలేకపోయానో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఈ పొద్దు కూడా కుళాయి దగ్గింది. చెంబు పట్టి వాసన చూశాను. వెనక మా ఆవిడ బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఈ కథంతా తెలుసు, అందుకని తొందర పెట్టదు. నీళ్లలో ఏ వాసనా లేదు. ఆ రోజు మగ్గాల వీధిలో తాగని నీళ్లు ఈ చెంబులో ఉన్నట్టే ప్రతి పొద్దూ అనిపిస్తుంది. తాగాను. పక్కకు జరిగి, ఇంక పట్టుకోమన్నాను.